ఆ యేటి పాతర జొన్నలు

మైదుకూరు,
18 జనవరి 2024.

అక్కకు రామాంజి దండాలు.

నీ చెవులు ఎలా ఉన్నాయని ఈసారి అడగను. అడిగితే "ఉండాయిలే, తలకు అటొకటి ఇటొకటి" అంటావు. మిషను పెట్టుకుంటే చెవిలో జీరంగి దూరినట్టుందని తీసి గూట్లో పెట్టావని బావ చెప్పాడు. సరే, ఫోను మాటలు మన ఇద్దరికీ రాసిపెట్టి లేవు. మా పోస్టాఫీసులో కవర్లు కొనేవాణ్ని నేనొక్కణ్నే అయిపోయాను. నన్ను చూడగానే ఆ అమ్మాయి అడక్కుండానే సొరుగు లాగుతుంది.

వచ్చే సోమవారానికి నీ మరదలు శివజ్యోతి పోయి రెండేళ్లు. పదహారేళ్లు పురుగుమందుల అంగట్లో నా పక్కన కూర్చొని పొడి మందులు చేత్తోనే తూచింది. ఆ జబ్బు దీనివల్లేనా అని కర్నూలు ఆసుపత్రిలో డాక్టర్ని అడిగాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. అంగడి మూసినప్పుడు ఊరంతా నాకు పిచ్చి పట్టిందన్నారు. పట్టిందో లేదో నాకే తెలీదు గానీ, మనుషులకు మందు లేని తిండి పెట్టి చచ్చిపోవాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

ఇప్పుడు కొండ దిక్కున మూడెకరాల గరుసు చేను, నేను, దాసన్న. దాసన్న గురించి పోయినసారి రాశాను గదా, చెట్టంత మనిషి, ఎప్పుడూ నవ్వుతుంటాడు. పెండ్లాం సుంకమ్మ, ఆరేళ్ల పాప అమూల్య. చేను నాది, రెక్కలు అతనివి, పంట చెరిసగం. నలభై ఇళ్లకు వారం వారం సంచి పంపుతాం. ఆ వారం మన నేల ఏమిస్తే అది. మొన్న అనపకాయలు, రేగిపండ్లు వేశాం. ఒక రిటైరైన హెడ్మాస్టరు సంచి విప్పి, "ఏమప్పా, ఇవి మేము చిన్నప్పుడు కంపల్లో ఊరికే తిన్నేవే" అన్నాడు. అని, గింజ మిగలకుండా అక్కడే తినేశాడు.

అసలు సంగతికి వస్తాను. పోయినేడు జొన్నలకు పురుగు పట్టింది. గోదాముల్లో వాడే బిళ్లలు సంచుల మధ్య పెట్టమన్నారు. అవి అమ్మినవాణ్ని నేనే, వాటి సంగతి నాకు తెలీదా! అందుకే ఈసారి పాతర తవ్వాలని ఉంది. మన పెద్దలు ఏ మందూ లేకుండా భూమి కడుపులో గింజలు దాచేవాళ్లు గదా.

ఇంకొకటి కూడా ఉంది, నవ్వకు. నాయన పోయిన కరువు ఏడాది మనం పాతర జొన్నల రొట్టెలు తిన్నాం, గుర్తుందా? కొంచెం పులిసిన వాసన, నమిలేకొద్దీ తీపి. నాయన్ను పాము కరిచిన సంగతి నాకు మసక మసకగానే గుర్తు. ఆ రొట్టె మాత్రం నిన్న తిన్నట్టుంది. ఇన్నేళ్లలో మళ్లీ ఆ రుచి యాడా దొరకలేదు. ఆ జొన్నలు ఈ నలభై ఇళ్ల వాళ్లకు తినిపించాలని ఉంది. పాతర ఎలా తవ్వాలో, ఎలా నింపాలో నీకు తెలుసు. రాసి పంపు.

నీ తమ్ముడు
రామాంజి


బూదిగల్లు,
29 జనవరి 2024.

రామాంజీ, నా తండ్రీ, సల్లగుండు.

నీ జాబు వచ్చె. రెండుసార్లు చదివినా. రేగిపండ్లు సంచిలో ఏసి అమ్ముతాండావంటే మీ బావకు చూపించినా, ఆయప్ప పడీ పడీ నవ్వె. ఈడ మన బీట్లో రాలి పోతాండాయి, మేకలు కూడా తిననంటాండాయి. వచ్చి ఏరుకోని పో.

శివజ్యోతి తలపుకొస్తానే ఉంటాది. నాకు చెవుడొచ్చినాక దాని మాదిరి నా మొగానికి ఎదురుగా కూచోని, పెదాలు కనపడేట్లు నిదానంగా మాట్లాడినోళ్లు ఇంగొకరు లేరు. పోయిన సోమవారం దాని పేరు చెప్పి ఇద్దరికి అన్నం పెట్టినా.

పాతర వద్దప్పా. మీది కాలవ నీళ్లు పారే సీమ, నేల చెమ్మ పడతాది, గింజ బూజు పట్టి పోతాది. ఈతబరిగెలతో గింజల గుమ్మి అల్లించుకో. లోపలా బయటా పేడతో అలికి, అడుగున ఏపాకు, పైన బూడిద. అమ్మ అలసందలు అట్లే దాస్తాండె, పురుగు ముట్టేది కాదు. మన పాతర పూడ్చి ఎన్నో ఏండ్లాయె. దాని మింద మీ బావ మేకల దొడ్డి కట్టినాడు. ఇప్పుడు పాతర నింపేటోడు యాడ ఉండాడు, తీసేటోడు యాడ ఉండాడు?

ఆ రొట్టె సంగతి యాలప్పా ఎత్తుతావు. ఆకలి మింద తింటే రాయి కూడా తీపే.

నల్ల కొర్రలు పడికెడు గుడ్డలో కట్టి పంపినా. తినేసేవు, ఇత్తనానికి పెట్టుకో. నడుము నొప్పి జాస్తి ఉండాది, ఇంగ రాయలేను.

మీ అక్క
నాగమ్మ


మైదుకూరు,
8 ఫిబ్రవరి 2024.

అక్కా, దండాలు.

కొర్రలు అందాయి. దాసన్న వాటిని అరచేతిలో పోసుకొని, "ఇవి మా జేజి కాలం నాటి కొర్రలన్నా, మళ్లా చూస్తా అనుకోలేదు" అన్నాడు. పాప కోసం నాలుగు గింజలు అడిగి తీసుకుపోయాడు. ఇంటి ముందర నాటుతుందట.

నీ జాబు చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. చెమ్మ అన్నావు. నా చేను కాలవ కింద లేదు, కొండ దిక్కున గరుసు మిట్ట మీద ఉంది. నువ్వే వచ్చి చూశావు, పార దిగదప్పా ఈడ అన్నావు. మరి వద్దనడానికి అసలు కారణం ఏమిటో నాకు తెలీదనుకున్నావా? మన ఊర్లో నా భాగం అమ్ముకొని ఆ దుడ్లతో పురుగుమందుల అంగడి పెట్టాను. నాయన దున్నిన నేల అమ్మి విషం కొన్నావురా అని అమ్మ అంది. నువ్వు ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఇప్పుడు ఆ నేల విద్య నాకు చెప్పడానికి నీకు మనసు రావడం లేదు. అంతే గదా?

చెప్పకపోతే ఇంకెవరినైనా అడుగుతాను. దాసన్న వాళ్ల మేనమామకు కొంచెం తెలుసట. కానీ నీ నోటి నుంచి రావాలని ఉండింది.

రామాంజి


బూదిగల్లు,
17 ఫిబ్రవరి 2024.

రామాంజీ,

ఏం మాటలురా అవి! నీ మింద కోపముంటే కొర్రలు కట్టి పంపుతానా? ఊరంతా ఒక దావ అయితే ఉలిపికట్టెది ఒక దావ అని, చిన్నప్పటి నుంచి నీది అదే బుద్ధి. నేను ఒకటి రాస్తే నువ్వొకటి చదువుతావు. నేల అమ్మినందుకు నాకు కోపం లేదు. ఆ నేల మింద నాకేమంత ప్రేమ కూడా లేదు.

ఎవుర్నో అడిగి సగం సగం నేర్చుకునే దానికంటే నేనే చెప్పేది మేలు. ఇను.

మనిషిన్నర లోతు తవ్వాల. మెడ ఇరుకు, కడుపు వెడల్పు, కడవ మాదిరి. లోపల మూడు దినాలు కంప మంట పెట్టి గోడలు కాల్చాల. సల్లారినాక జొన్న సొప్ప జడల మాదిరి అల్లి, అడుగు నుంచి మెడ దాకా చుట్టాల. గింజలు పంటి కింద పెడితే పటుక్కుమనేట్లు ఎండాల. మెడ దాకా నింపాల, సందు ఇడవకూడదు. పైన సొప్ప, దాని మింద బండ, బండ చుట్టూ బంకమన్ను. దాని మింద మన్ను గోపురం మాదిరి పొయ్యాల, వాన నీళ్లు పక్కకు జారిపోవాల.

ఇంగ తీసేటప్పుడు జాగ్రత్తగా ఇను. బండ పక్కకు జరిపి ఒక పగలూ ఒక రాత్రీ అట్లే వదిలెయ్యాల. ఎవురూ తొంగి కూడా చూడకూడదు. మరునాడు పొద్దున భూదేవికి టెంకాయ కొట్టాల. నూనె దీపం ముట్టించి, బుట్టలో పెట్టి, తాడు కట్టి లోపలికి ఇడవాల. దీపం అడుగు దాకా ఆరకుండా పోతే తల్లి ఒప్పుకున్నట్లు. ఆరిపోతే ఒప్పుకోలేదు. ఆ పొద్దు ఎవురూ దిగకూడదు. ఎంత ఆకలున్నా దిగకూడదు. ఇది మరిచేటట్లయితే పాతర జోలికి పోవద్దు.

చెప్పమన్నావు, చెప్పినా. ఇంగ ఆ రొట్టె మాట మాత్రం నాకు రాయొద్దు.

మీ అక్క


మైదుకూరు,
14 మార్చి 2024.

నాగక్కకు దండాలు, పాదాభివందనాలు, ఇంకేమున్నాయో అవన్నీ.

పాతర నింపేశాం! గోడలు కాల్చిన మూడు రోజులూ దాసన్న అక్కడే పడుకున్నాడు. సొప్ప జడలు సుంకమ్మ అల్లింది. ఆమె వేళ్లు చూడాలి నువ్వు, పూలమాల కట్టినంత సులువుగా అల్లేసింది. పాప లోపలికి దిగి అరిస్తే తన గొంతు తనకే తిరిగి వచ్చిందని ఎగిరి గంతులేసింది. ఒకటే లోటు. మంచు తక్కువై పంట తగ్గింది. పాతర సగానికే నిండింది. ఫరవాలేదు, వచ్చే ఏడు మెడ దాకా నింపుతాం.

నీ మేనకోడలు తనూజ కడప నుంచి వచ్చి మా సంచులతో పాటు ఇచ్చేందుకు ఒక కరపత్రం తయారు చేసింది. ఇందులో పెట్టి పంపుతున్నాను. పైన "ఈ నేల, ఈ కాలం, ఈ తిండి" అని పెద్ద అక్షరాలు. కింద పాతర గురించి నీ మాటలే, కొంచెం దిద్ది వేసింది. "మందు కొట్టిన గింజ చచ్చిన గింజ. మా గింజకు ప్రాణం ఉంది, భూమి కడుపులో ఊపిరి తీస్తూ ఉంటుంది" అనే వాక్యం నాది. బాగుందని సంచులు తీసుకునే వాళ్లు అందరూ అన్నారు. పాతర తీసే రోజు చూడ్డానికి వస్తామని పదిహేను కుటుంబాలు పేర్లు ఇచ్చాయి.

భూదేవి ఒప్పుకోవడం, దీపం సంగతి మాత్రం వేయలేదు. "మంచి పని చేస్తూ దానికి మూఢనమ్మకం అంటిస్తే అందరూ నవ్వుతారు నాన్నా" అంది తనూజ. నాకూ నిజమే అనిపించింది. ఆ నాలుగు వాక్యాలు నేనే ఎర్ర ఇంకుతో కొట్టేశాను. నీకు కోపం రాకూడదు. నీ దేవత నీకుంది, మా బీఎస్సీ మాకుంది.

మీ ఆలూరు దిక్కున వేపపూత బాగుందా?

నీ తమ్ముడు


బూదిగల్లు,
25 మార్చి 2024.

రామాంజీ,

కాగితం చూసినా. బొమ్మలు బాగుండాయి. నేను చెప్పింది మాత్రం తల తీసేసి మొండెం అచ్చేసినారు.

నవ్వుతారని కొట్టేసినావంట. నవ్వనీ. నవ్వితే ఎవురి పండ్లూ రాలవు. దీపం పెట్టమని నేను చెప్పింది ఊరికే కాదప్పా. నీకు నచ్చకపోతే పూజ మానెయ్, టెంకాయ మానెయ్. దీపం మాత్రం మానొద్దు. అమ్మ మింద ఒట్టు పెట్టి చెప్తాండా.

సగం పాతర మంచిది కాదు. పెద్దోళ్లు ఒప్పుకునేటోళ్లు కాదు. సగమే ఉంటే ఆ జొన్నలు బయటికి తీసి గుమ్మిలో పోసుకో. పుణ్యముంటాది.

ఏపపూత శానా ఉండాది. చింతచిగురు ఇంగా రాలేదు. మీ బావకు కండ్లు మసకలు. నాకు చెవులు లేవు, ఆయప్పకు చూపు లేదు, ఇద్దరం కలిసి ఒక మనిషిమి.

మీ అక్క


మైదుకూరు,
25 జులై 2024.

అక్కా, దండాలు.

నాలుగు నెలలుగా రాయలేదని తిట్టుకుంటున్నావేమో. ఎండలకు సంచిలో వేయడానికి ఏమీ లేకపోయింది. చింతచిగురు, ఎండు అలసందలు, మళ్లీ చింతచిగురు. పన్నెండు ఇళ్ల వాళ్లు మానుకున్నారు. టమోటాలు లేని సంచి ఏం సంచి అన్నారు. ఎండాకాలంలో మన మెట్ట నేలలో టమోటా యాడ నుంచి వస్తుందని దాసన్న ఒకామెకు అరగంట చెప్పాడు. ఆమె విని, నవ్వి, మానుకుంది. మిగిలిన ఇరవై ఎనిమిది ఇళ్లూ నిలవాలంటే ఈ పాతర మీదే మా ఆశంతా. దాసన్న ఇంట్లో కూడా గింజలు అయిపోయాయి. ఈ పాతరలో అతని సగమే వాళ్లకు వచ్చే పంట దాకా తిండి.

ఆగస్టు 4, ఆదివారం తీస్తున్నాం. పొద్దున్నే బండ జరుపుతాం. పది గంటలకు అందరూ వస్తారు. అక్కడే రొట్టెలు కాల్చి, ఊరిబిండి పచ్చడితో పెడతాం. ఒక రోజంతా తెరిచి వదలాలని నువ్వు రాసింది గుర్తుంది. కానీ ముసురు పట్టేటట్టుంది. రాత్రంతా తెరిచిపెడితే గింజలు తడుస్తాయి. రెండు గంటలు వదిలితే చాలని దాసన్న మేనమామ కూడా అన్నాడు.

నీ దీపం మాట కూడా పూర్తిగా తీసెయ్యలేదులే. దాని అర్థం ఏమై ఉంటుందా అని ఆలోచించాను. లోపల పామో తేలో ఉంటే కనిపించడానికి పెద్దలు పెట్టిన పద్ధతి. నాయన విషయం తెలిసిన మన ఇంట్లో పాము భయం ఉండదా మరి? అందుకే ఒక మంచి టార్చి కొన్నాను. తాడు కట్టి అడుగు దాకా దించి, అంతా చూసి గానీ మనిషిని దించను. నీ దీపం కంటే పది రెట్లు వెలుగు. ఇప్పుడు సంతోషమేనా?

మొదటి శేరు జొన్నలు నీకే. నేనే తెచ్చి ఇస్తాను. ఆ రొట్టె మాట రాయొద్దన్నావు గానీ, నీ చేత్తోనే కాల్పించుకొని తింటాను.

నీ తమ్ముడు
రామాంజి


బూదిగల్లు,
31 జులై 2024.

రామాంజీ,

నీ జాబు ఇప్పుడే వచ్చె. టార్చి వద్దప్పా. నూనె దీపమే ఇడువు. టార్చి ఆరదు, దీపం ఆరతాది. అదే కావాల్సింది. పాము కోసం కాదు. ఒక పగలూ ఒక రాత్రీ వదలాల, రెండు గంటలు కాదు. గింజలు తడిస్తే తడవనీ.

ఎందుకని అడగొద్దు. అక్క చెప్పింది, అంతే అనుకో. నీకు దండం పెడతాండా.

నాగమ్మ


మైదుకూరు,
20 ఆగస్టు 2024.

అక్కకు,

నీ ఉత్తరం మంగళవారం, ఆరో తేదీ వచ్చింది. అప్పటికి దాసన్నను పూడ్చి ఒక రోజు అయింది.

బావకు ఫోన్లో చెప్పాను, ఆయన నీకు ఎంత చెప్పగలిగాడో తెలీదు. అందుకే రాస్తున్నాను. రాయకపోతే నాకు కూడా ఊపిరాడేలా లేదు.

ఎనిమిది గంటలకు బండ తీశాం. పులిసిన వాసన వచ్చింది, అదే వాసన. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పది గంటలకు టార్చి దించాను. లోపలంతా పట్టపగల్లా కనిపించింది. పురుగు లేదు, పుట్ర లేదు, జొన్నలు ముత్యాల్లా ఉన్నాయి. చుట్టూ ముప్ఫై మంది. దాసన్న కొత్త పంచె కట్టుకున్నాడు. నిచ్చెన మీద దిగుతూ, "అన్నా, బుట్ట ఇడువు, ముందు మీ అక్క శేరు నింపిస్తా" అన్నాడు. అవే అతని చివరి మాటలు.

కిందికి దిగి, గింజల మీద రెండడుగులు వేసి, కూర్చున్నాడు. అలిసినవాడు అరుగు మీద కూర్చున్నట్టు నిదానంగా కూర్చున్నాడు. నేను నవ్వాను అక్కా. "ఏమప్పా, అప్పుడే కూలబడితివి?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు. నీ చెవుడు నాకు వచ్చినా బాగుండేది.

పక్కకు ఒరిగాక అర్థమైంది. నేను నిచ్చెన మీద కాలు పెట్టాను. మా సంచులు మోసే ఆటో గాబ్రియేలు నన్ను నడుము పట్టి వెనక్కి లాగి కింద పడేశాడు. "దిగితే నువ్వూ లేవవన్నా" అని నా మీద కూర్చున్నాడు. ఫైరింజను వచ్చేసరికి గంటన్నర. వాళ్లలో ఒకతను ముందు ఒక కాగితం ముట్టించి లోపలికి వేశాడు. మెడ దాటీ దాటగానే ఆరిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఆరిపోయింది. టార్చి మాత్రం అడుగున వెలుగుతూనే ఉంది.

గింజ ఊపిరి తీస్తుందని కరపత్రంలో రాసింది నేనే. మూసిన చోట ఊపిరి తీస్తే ఉన్న గాలంతా చెడిపోతుందని కూడా నాకు తెలుసు, ఆ పాఠం బీఎస్సీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు వేసుకున్నాను. మందు లేని తిండి పెడతానని ఊరూరా చెప్పుకొని, మనిషిని విషపు గాలిలోకి దించాను. పోలీసులు కేసు రాసుకున్నారు. రాసుకోవాలి. తనూజ ఆ కరపత్రాలన్నీ పొయ్యిలో పెట్టింది. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడడం లేదు, తనతో తను కూడా మాట్లాడుకోవడం లేదనిపిస్తుంది.

ఒకటి మాత్రం అడుగుతాను. నీకు తెలుసు. తెలిసే రాశావు. మరి దేవత అని ఎందుకు రాశావు? ఆవిరి ఉంటుంది, మనిషి చస్తాడు అని ఒక్క ముక్క రాసి ఉంటే ఎర్ర ఇంకు పెట్టి ఉండేవాణ్నా? నిన్ను తప్పు పట్టడానికి కాదు. కాదని రాస్తున్నాను గానీ, అవును, తప్పు పట్టడానికే. నువ్వు తప్ప నాకెవరున్నారు తప్పు పట్టడానికి.

నిన్న సుంకమ్మ వచ్చింది. ఏడవలేదు. "అన్నా, మా సగం గింజలు ఇయ్యి" అంది. ఆ జొన్నలు గుంతలోనే ఉంచి పూడ్చేయాలనుకున్నాను, అలాగే చెప్పాను. "గింజలేం చేసినాయన్నా? ఇంట్లో పిల్ల ఉండాది" అంది. బంధువులు మాత్రం చావు గింజలు ఇల్లు ఎక్కనీయొద్దని ఆమెను తిడుతున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

పాప నా పంచె పట్టుకొని, నాయన గుంతలోంచి ఎందుకు రాలేదని అడిగింది. పాము కరిచిందమ్మా అన్నాను. ఎందుకో ఆ మాటే నోటికొచ్చింది.

రామాంజి


బూదిగల్లు,
28 ఆగస్టు 2024.

రామాంజీ,

కడుపు చించుకుంటే కాళ్ల మింద పడతాదంటారు. పడనీ. నలభై నాలుగేండ్లు పట్టుకోని ఉండా, ఇంగ చేతగాదు.

నాయన్ను పాము కరవలేదు.

ఆ యేడు వాన చుక్క లేదు. ఊర్లో పాతరలన్నీ ఖాళీ. మన దాంట్లో అడుగున ఇంగా గింజలుండె, నాలుగు మూటలు అయ్యేటన్ని. ఆ సంగతి ఎవురికీ తెలీదు. తెలిస్తే ఊరంతా చేట పట్టుకోని వస్తారు, లేదనేదానికి నోరు రాదు, ఇస్తే మనకు మిగలదు. అందుకని నాయన కోడి కూయక ముందే లేపినాడు, అమ్మనూ నన్నూ. నాకు పదహారేండ్లు. నువ్వు నిద్రపోతాంటివి. బండ జరిపినాడు. ఒక పగలూ ఒక రాత్రీ వదిలితే అందరూ చూస్తారు గదా, అందుకని వదల్లేదు. దీపం నా చేతిలో ఉండె. తాడు కట్టబోతి. "వద్దమ్మీ, ఎలుగు చూసి ఎవురన్నా వస్తారు, ఆర్పెయ్" అనె. నేను ఊదినా. ఆయప్ప దిగినాడు.

పిలిచినాం. పలకలేదు. అమ్మ నా నోరు మూసె, నేను అరవకుండా. తెల్లారక ముందే మాయిద్దరికీ చేతనయినట్లు కొక్కీ ఏసి పైకి లాగినాం. చేనికాడికి మోసుకోని పోయి గట్టు మింద పండబెట్టినాం. పాము కరిచిందని చెప్పమని అమ్మే చెప్పె. పాతరలో పోయినాడంటే అవి చావు గింజలు, ఎవురూ తిననీయరు, పారబోపిస్తారు. పారబోస్తే ఆ యేడు నువ్వు బతకవు. నీకు పక్కటెముకలు లెక్క పెట్టేటట్లుండె.

ఆ జొన్నలే మనం ఏడాదంతా తింటిమి. అమ్మ కూడా తినె, ఏడ్చుకుంటా కాదు, ఊరికే తినె. నాకు గొంతు దిగేది కాదు. నువ్వు మాత్రం ఇంగొకటి, ఇంగొకటి అని అడుగుతాంటివి. "ఈ రొట్టె శానా బాగుందిమా" అంటాంటివి. అమ్మ మొగం గోడ దిక్కు తిప్పుకునేది. నువ్వు ఇన్నేండ్లు ఎదుకులాడింది ఆ రుచేనప్పా. నువ్వు మొదటి జాబులో ఆ మాట రాస్తే కాగితం నా చేతిలోంచి కింద పడె.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. పాతర వద్దంటి, చెమ్మ అంటి, దేవత అంటి, నిజం ఒకటి తప్ప అన్నీ చెప్తి. నీ టార్చి జాబు వచ్చినాక మీ బావతో, లేకుంటే పక్కింటి పరమేష్‌తో ఫోన్ చేయించి ఉండొచ్చు. నాలుగు దినాలు ఉండె ఇంగా. ఎవురికి చెప్పాలన్నా ఎందుకో చెప్పాల. అమ్మ మూయించిన నోరు వాళ్ల ముందర తెరవలేక, కాగితం తీసుకుంటి. కాగితంలో కూడా ఎందుకని అడగొద్దని రాస్తి. నన్ను తప్పు పట్టినావు, సరిగ్గా పట్టినావు. ఆ దాసన్నను చంపింది నీ టార్చి ఒకటే కాదు. రెండుసార్లూ దీపం ఆర్పింది నేనే.

చేతులు కాలినాక ఆకులు పట్టుకునే మాట ఒకటి చెప్తా, ఇను. గింజలు పూడ్చొద్దు. సుంకమ్మకు ఇచ్చెయ్, దాని సగమూ నీ సగమూ కూడా. గింజలు పైకి తీసేదానికి ముందు రెండు దినాలు తెరిచిపెట్టు, దీపం ఇడిచి చూడు. ఎండలో ఆరబోసి ఇయ్యి. ఆ పిల్ల తిననీ. వాళ్ల నాయన పండించిన జొన్నలు, దానికి కాక ఇంగెవురికి? బంధువులు ఏమన్నా అంటే, మేము తిన్నాం, సావలేదు అని నా పేరు చెప్పు.

కానీ ఆ పాపకు పాము అని చెప్పొద్దు. చెప్పినావు గదా, దాన్ని ఎనక్కి తీసుకోవాల. అది తెలీకుండా ఆ రొట్టె తినకూడదు. తెలీకుండా తిన్నోడివి నువ్వు ఒక్కడివి చాలు.

ఈ శనివారం గాక పై శనివారం పొద్దున బస్సుకు బయలుదేరుతాండా. మీ బావ వద్దంటాండాడు, ఇంటాండా అనుకుంటాండాడు. ఆ పాపను నా ముందర కూచోబెట్టు. అది అడిగేది నాకు ఇనపడదు, నువ్వు పలక మింద రాసి చూపియ్యి. చెప్పేది మాత్రం నేను చెప్తా.

మీ అక్క
నాగమ్మ